ఇంద్రజాలం వేరు కాదు, జంతువు

గృహప్రవేశాల ముహూర్తాలు దగ్గర పడితే చాలు, బెజవాడ వాట్సాప్ గ్రూపుల్లో ఒక రకం వీడియో మళ్లీ తిరగడం మొదలవుతుంది. అద్దం ఫ్రేములో బిగించిన నల్లటి వల లాంటి వస్తువు. విసనకర్రలా పరుచుకుని ఉంటుంది, సన్నటి పుల్లలు ఒకదానికొకటి అతుక్కుని జల్లెడలా అల్లుకుంటాయి. "ఇంద్రజాల్ మూలిక, సముద్రం అడుగున పెరిగే అరుదైన మొక్క, గుమ్మానికి కడితే నరదిష్టి ఆగిపోతుంది" అని వెనక నుంచి ఒక గొంతు.

అది మొక్క కాదు. సీ ఫ్యాన్ అనే జంతువుల కాలనీ చచ్చి ఎండిపోగా మిగిలిన ఎముకల గూడు. కొన్నిసార్లు అదే పేరుతో నల్ల పగడాన్ని అమ్ముతారు, అదీ జంతువే. సీ ఫ్యాన్లన్నిటినీ, నల్ల పగడాలనూ 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో చేర్చారు. పులి ఉన్నదీ ఆ షెడ్యూల్లోనే. అమ్మినా, కొన్నా, ఇంట్లో పెట్టుకున్నా నేరమే. శిక్ష మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు. ఇదే బజారులో "హత్థా జోడీ" అనే మరో "వేరు" దొరుకుతుంది. అది ఉడుము మర్మాంగం. జంతువుకు మొక్క పేరు పెడితే కొనేవాడి మనసు కుదుటపడుతుందని ఈ వ్యాపారులకు బాగా తెలుసు.

అయితే తప్పంతా అమ్మేవాడి మీదికే నెట్టేయడం నాకు సరిగ్గా అనిపించదు. ఇంటర్‌లోనూ డిగ్రీలోనూ జువాలజీ చదివినవాళ్లు కూడా ఆ ఫ్రేము చూసి "ఏదో సముద్రపు మొక్క" అనే అంటారు. కొమ్మలున్న సముద్ర జీవుల్ని ఆకారం చూసి గుర్తుపట్టడమే మనం నేర్పుతున్నాం కాబట్టి అలా అంటారు. మొక్కలా కనిపించే కాలనీ జంతువును వర్ణించేటప్పుడు ఆ కాలనీలోని ఒక్క జంతువు ఎలా ఉందో ముందు రాయాలి. కొమ్మ, ఈక, విసనకర్ర, నాచు లాంటి మాటలు ఆ తరవాతే రావాలి, అవీ పెరిగే తీరు గురించి మాత్రమే రావాలి. నా వాదన ఇంతే. ఈ వరస తిరగబడిన చోటల్లా తప్పులు జరిగాయి, ఇప్పటికీ జరుగుతున్నాయి.

ఎనిమిది రేకుల పువ్వు

ఈ తప్పుకు వయసు చాలానే ఉంది. 1706లో మార్సిలీ అనే ఇటలీ పండితుడు ఫ్రాన్స్ దక్షిణ తీరంలో అప్పుడే తీసిన ఎర్ర పగడాన్ని సముద్రపు నీళ్లలో ఉంచి చూశాడు. కొమ్మల మీద తెల్లటి "పువ్వులు" విచ్చుకున్నాయి, ఒక్కోదానికి ఎనిమిది రేకులు. నీళ్లలోంచి తీస్తే ముడుచుకున్నాయి, తిరిగి ముంచితే విచ్చుకున్నాయి. పగడం మొక్కే అనడానికి ఇంతకంటే రుజువు ఏం కావాలి అనుకున్నాడు. చూసింది నిజమే, అనుకున్నది తప్పు.

మార్సేల్స్ వైద్యుడు పెయ్సొనెల్ 1720లలో అదే పని ఉత్తర ఆఫ్రికా తీరంలో చేసి, ఆ పువ్వులు జంతువులనీ, సముద్రంలో ఒంటికి తగిలితే మండించే జీవుల బంధువులనీ తేల్చాడు. ప్యారిస్ సైన్స్ అకాడమీలో ఆ సంగతి చెప్పాల్సి వచ్చినప్పుడు అక్కడి సభ్యుడు రియోమూర్ పెయ్సొనెల్ పేరు కూడా బయట పెట్టలేదు, ఆయన పరువు పోతుందని. ట్రెంబ్లీ అనే ప్రకృతి పరిశీలకుడు 1740లలో హైడ్రా అనే చిన్న మంచినీటి జంతువును ముక్కలు చేసి, ఒక్కో ముక్క తిరిగి జంతువుగా పెరగడం చూపించాకే ఆ పెద్దలు దిగివచ్చారు. కోస్తే చిగురించేది మొక్క ఒక్కటే కాదని అప్పటికి గాని ఒప్పుకోలేదు.

ఒప్పుకున్నాక కూడా మధ్యేమార్గం వెతికారు. లినేయస్ 1758 నాటి వర్గీకరణలో వీటిని జూఫైటా, అంటే జంతు వృక్షాలు అనే గుంపులో వేశాడు. కాండం మొక్క, పువ్వు జంతువు అన్నది ఆయన ఊహ. ఈ గుంపు మహా నష్టం చేసింది. హైడ్రా బంధువులు, పగడాలు, నాచులా ఉండే బ్రయోజోవాలు, చుట్టాలైనవీ కానివీ అన్నీ కొమ్మలున్నాయన్న ఒక్క పోలికతో ఒకే మూటలో పడ్డాయి. ఎడింబరోలో చదువుకుంటున్న చార్లెస్ డార్విన్ 1827లో ఒక విద్యార్థి సంఘంలో వినిపించిన తొలి పరిశీలన కూడా ఈ మూటలోని ఫ్లస్ట్రా అనే బ్రయోజోవా గురించే. దాని "గుడ్లు" శైలికలు, అంటే సన్నటి వెంట్రుకల్లాంటి పోగులు, ఆడిస్తూ ఈదుతున్నాయని చూపించాడు. నిజానికి అవి డింభకాలు, అంటే పిల్ల దశ జీవులు.

మూట విప్పినవాడు ఐర్లండ్‌లో పనిచేసిన జె.వి. థాంప్సన్. ఈ నాచు లాంటి కాలనీల్లో కొన్నిటికి హైడ్రాలా ఒకే రంధ్రం కాకుండా నోరు వేరు, మలద్వారం వేరు, మధ్యలో వంపు తిరిగిన పేగు ఉన్నాయని గమనించి 1830లో వాటికి పాలీజోవా అని పేరు పెట్టాడు. ఒకదానిలో అనేక జంతువులు అని. మరుసటి ఏడాదే జర్మనీలో ఎరెన్‌బర్గ్ బ్రయోజోవా అన్నాడు, నాచు జంతువులు అని. ఒక పేరు నిర్మాణం చెప్పింది, రెండోది పైరూపం చెప్పింది. ఇంగ్లీషు వాళ్లు చాలాకాలం మొదటి పేరే పట్టుకున్నారు. మన దేశపు మంచినీటి జాతుల మీద 1911లో ఆనండేల్ రాసిన సంపుటం పేరులో ఉన్నది కూడా పాలీజోవానే. చివరికి ప్రపంచమంతా నిలిచింది పైరూపం చెప్పే పేరు. ఇప్పుడు దాన్ని మార్చమని నేను అడగను. కానీ ఏ పేరు గెలిచిందో చూస్తే మన కళ్లు ఎటు లాగుతాయో తెలుస్తుంది.

ఫార్మలిన్ సీసాలో ఏం పోతుంది

గుంటూరు, విజయవాడల్లో ఏ డిగ్రీ కాలేజీ జువాలజీ మ్యూజియంలోకి వెళ్లినా హైడ్రా బంధువు ఓబీలియా, బ్రయోజోవా అయిన బ్యుగ్యులా, పగడాల చుట్టం పెన్నాట్యులా, సీ ఫ్యాన్ అయిన గోర్గోనియా సీసాలు వరసగా ఉంటాయి. ప్రాక్టికల్ పరీక్షలో అవే స్పాటర్లు, అంటే చూసి పేరు చెప్పాల్సిన నమూనాలు. పిల్లలు ఓబీలియాను చీపురు పుల్లల కట్టలాగా, పెన్నాట్యులాను ఈకలాగా, గోర్గోనియాను విసనకర్రలాగా గుర్తుపెట్టుకుంటారు. పేరు సరిపోతుంది, మార్కులు పడతాయి. ఆ సీసాలో జంతువు ఎక్కడుందో చూపించమంటే మాత్రం వేలు కొమ్మ మీదికి వెళ్తుంది.

ఇందులో పిల్లల తప్పు లేదు, సీసాలో జంతువు నిజంగానే కనపడదు. బతికున్న కాలనీని తీసి నేరుగా ఫార్మలిన్‌లో పడేస్తే పాలిప్‌లు, అంటే కాలనీలోని ఒక్కో జంతువు, ఒక్కసారిగా ముడుచుకుని చస్తాయి. ఓబీలియా లాంటి హైడ్రాయిడ్ అయితే కైటిన్ గొట్టంలోకి కుదించుకుపోతుంది, బ్రయోజోవా అయితే తన పెట్టెలోకి లాక్కుంటుంది, చాలా జాతుల్లో మూత కూడా వేసుకుంటుంది. మిగిలేది కొమ్మా గొట్టమూ మాత్రమే. అంటే జంతువును మొక్కగా మార్చింది మన భద్రపరిచే పద్ధతే. దాన్ని సరిచేయడం పెద్ద ఖర్చు పని కాదు గనుక ఇక్కడ కాస్త వివరంగా చెబుతాను.

సూర్యలంక వైపో నిజాంపట్నం రేవులోనో పాత తాడు, కర్ర, చిప్ప మీద పట్టిన గుబురు దొరికితే దాన్ని గోకకుండా, అంటుకుని ఉన్న ముక్కతో సహా కోసి తీసుకోవాలి. గోకితే అడుగున పాకిన తీగలాంటి భాగం తెగిపోతుంది. వెడల్పు మూతి సీసాలో ముక్క కొంచెం, నీరు చాలా ఎక్కువ ఉండాలి. ఆ నీరు ఎక్కడ దొరికిందో అక్కడిదే కావాలి. కృష్ణ మొగ దగ్గర వానాకాలంలో ఉప్పు బాగా తగ్గిపోతుంది. అక్కడ దొరికినదాన్ని ఉప్పు ఎక్కువున్న నీళ్లలో వేస్తే దారిలోనే ముడుచుకుంటుంది. ఎండ తగలకుండా తడి గోనెగుడ్డ చుట్టి తేవాలి. వేసవిలో మూసిన కారు డిక్కీలో పెడితే గుంటూరు చేరేలోపే నీరు వాసన కొడుతుంది.

చేరాక గాజు గిన్నెలో పోసి కదపకుండా అరగంట వదిలేయాలి. ఇక్కడే చాలామంది ఓపిక పట్టరు. బల్ల కదిలినా, నీరు పోసినా మళ్లీ ముడుచుకుంటాయి. విచ్చుకున్నాక మత్తు ఇవ్వాలి. లీటరు మంచినీటిలో 75 గ్రాముల మెగ్నీషియం క్లోరైడ్ హెక్సాహైడ్రేట్ కరిగించి, ఆ ద్రావణాన్ని గిన్నెలోని నీటికి సమానంగా, కొంచెం కొంచెంగా అంచు వెంట పోయాలి. అది లేకపోతే నాలుగైదు పుదీనా పువ్వు పలుకులు, అంటే మెంథాల్, నీటి మీద చల్లి మూత పెట్టినా పని జరుగుతుంది, కాకపోతే ఇంకా నెమ్మది. సన్నటి సూదితో నోటి చుట్టూ ఉండే స్పర్శకాన్ని తాకితే కదలిక లేదనిపించే దాకా ఆగాలి. తొందరపడి ముందే భద్రపరిచే మందు పోస్తే సగం ముడుచుకుంటాయి. ఎక్కువసేపు వదిలేస్తే చచ్చి కుళ్లడం మొదలై స్పర్శకాలు రాలిపోతాయి.

ఆ తరవాత హైడ్రాయిడ్‌లకైతే బజారు ఫార్మలిన్ ఒక వంతుకు సముద్రపు నీరు తొమ్మిది వంతులు, కాస్త బోరాక్స్ కలిపి. బ్రయోజోవాలను, సీ ఫ్యాన్లను ఫార్మలిన్‌లో ఎక్కువకాలం ఉంచకూడదు. అది పుల్లబడుతూ సున్నపు భాగాలను తినేస్తుంది. వాటికి 70 శాతం ఆల్కహాల్. డిఎన్‌ఏ కోసం విడిగా ఒక చిన్న ముక్కను 95 శాతం ఆల్కహాల్‌లో వేయాలి. ఫార్మలిన్ పని కిటికీలు తెరిచి, తొడుగులు వేసుకుని చేయాలి. అది క్యాన్సర్ కారకం. సీ ఫ్యాన్‌ను అసలు తీసుకురానే కూడదు, చట్టం చెప్పాను కదా. కాలేజీలో పాత సీసా ఉంటే అదే చాలు. హైడ్రాయిడ్లు, బ్రయోజోవాల మీద ఈ పద్ధతి నేర్చుకుంటే సరిపోతుంది.

ఇలా చేసిన సీసాను పక్కన పెట్టి పాత సీసాను చూపిస్తే, వేరే వర్ణన అక్కర్లేకుండానే విద్యార్థికి విషయం అర్థమవుతుంది.

వేరు అని రాసిన చోట

ఓబీలియా పాఠంలో హైడ్రోరైజా, హైడ్రోకాలస్, హైడ్రాంథ్ అని మూడు మాటలుంటాయి. గ్రీకులో వేరు, కాండం, పువ్వు. పదాలు అంతర్జాతీయమైనవి, వాటిని తీసేయలేం. చిక్కు ఎక్కడ వస్తుందంటే, రికార్డులో "హైడ్రోరైజా ఆధారం నుంచి పోషకాలు పీలుస్తుంది" అనే వాక్యం వచ్చినప్పుడు. అది ఏమీ పీల్చదు. అంటుకుని ఉంటుంది, పాకుతుంది, కొత్త కొమ్మలు లేపుతుంది. తిండి పుట్టేది పై చివర, హైడ్రాంథ్ నోటి దగ్గర. అక్కడ దంశకణాలతో, అంటే కుట్టే కణాలతో, పట్టిన చిన్న జీవి అరిగి, ఆ రసం గొట్టం లోపలి సజీవ భాగం గుండా కిందికీ పక్కకీ పారుతుంది. నోరు లేని పునరుత్పత్తి జూయిడ్లకు, అంటే కాలనీలో ఆ పని చేసే జంతువులకు, కూడా దాంతోనే పోషణ.

బ్రయోజోవాలో ఇంకా తేడా. బ్యుగ్యులా కొమ్మను 10 రెట్ల చేతి లెన్స్ కింద పెట్టండి. అర మిల్లీమీటరు పైచిలుకు పొడవున్న పొడుగాటి పెట్టెలు రెండు వరసల్లో, ఒకటి తప్పించి ఒకటి పేర్చినట్టు కనిపిస్తాయి. ఒక్కో పెట్టె ఒక్కో జంతువు. మన రేవుల్లో పెరిగే బ్యుగ్యులా నెరిటినా ఊదా గోధుమ రంగులో ఉంటుంది. పిండాలున్న కాలంలో పెట్టెల పై మూలల్లో తెల్లటి ముత్యాల్లాంటి గుండ్రటి అరలు కనపడతాయి. బతికున్నదైతే పెట్టె మూతిలోంచి స్పర్శకాల గరాటా పైకి లేస్తుంది. అవి బోలుగా ఉంటాయి, వాటి మీది శైలికలు నీటిని గరాటాలోకి తోస్తూ ఉంటాయి, నోరు మధ్యలో, మలద్వారం గరాటాకు బయట. సూది తగిలితే చాలు, గరాటా మొత్తం రెప్పపాటులో లోపలికి పోతుంది. ఓబీలియా స్పర్శకాలు అలా కాదు. బోలు లేనివి, దంశకణాల గుబ్బలున్నవి, వంగుతాయి, సాగుతాయి, నెమ్మదిగా ముడుచుకుంటాయి.

గిన్నె పక్కన రెండు నిమిషాలు కూర్చుంటే ఈ తేడా కంటికి తెలిసిపోతుంది. రెండూ బయటికి గోధుమరంగు కుచ్చులే. ఒకటి పగడాల చుట్టం, రెండోది వేరే వర్గం. కుచ్చు అని రాసి ఊరుకుంటే ఈ దూరం మొత్తం పోతుంది.

కొన్ని బ్రయోజోవాల్లో పక్షి తల ఆకారంలో కొరికే దవడలు కొమ్మ మీద ఊగుతుంటాయి. వాటిని అవిక్యులేరియా అంటారు. అవి ముల్లూ కాదు, ఆకూ కాదు. తిండి మానేసి కాపలాకు మారిన జూయిడ్లు. మూతే దవడగా మారింది. ఒకే కాలనీలో జూయిడ్లు వేర్వేరు రూపాల్లో ఉండటం, అంటే బహురూపకత అనే మాటకు ఇంత మంచి ఉదాహరణ మన సీసాల్లోనే ఉన్నా, బయటి ఆకారం దగ్గరే ఆగిపోయి దాన్ని దాటవేస్తున్నాం.

ఎండిపోయిన పుల్ల ఎదురైతే

బతికున్నది కాకుండా ఇంద్రజాల్ లాంటి ఎండు వస్తువు అటవీ సిబ్బంది చేతికి వస్తే ఎలా? జంతువులు రాలిపోయి ఉంటాయి, కాబట్టి నా పద్ధతి ఇక్కడ పనికిరాదనిపించవచ్చు. పనికొస్తుంది, కొంచెం వెతకాలి అంతే.

ముందుగా తప్పుదారి పట్టించే సంగతి. పుల్లను అడ్డంగా కోసి వలయాలున్నాయి గనుక చెట్టు అని తేల్చేస్తారు. సీ ఫ్యాన్ అక్షంలోనూ, నల్ల పగడంలోనూ వలయాలుంటాయి. పొర మీద పొర పేరుస్తూ లావెక్కడం చెట్టుకు ఒక్కదానికే సొంతం కాదు. హవాయి దగ్గర దొరికిన లియోపాథెస్ నల్ల పగడం ఒకటి రేడియోకార్బన్ లెక్కలో 4,000 ఏళ్లు దాటింది. కాబట్టి వలయాలను పక్కన పెట్టండి.

పుల్ల కొసను గింజంత తుంచి మంటకు చూపిస్తే వెంట్రుక కాలిన కంపు వస్తుంది, అక్షం ప్రోటీన్ పదార్థం కాబట్టి. కర్ర అయితే కట్టెల పొగ వాసనే. అమ్మేవాళ్లు తరచూ పై తోలు గీకేసి నల్లగా నూనె పూస్తారు, అయినా కొమ్మలు చీలే సందుల్లో బూడిదరంగు పెచ్చు మిగిలిపోతుంది. ఆ పెచ్చును గాజు పలక మీద పెట్టి, ఇంట్లో బట్టలకు వాడే సోడియం హైపోక్లోరైట్ బ్లీచ్ చుక్క వేసి, నురగ ఆగాక రెండు మూడుసార్లు నీటితో కడిగి 100 రెట్ల మైక్రోస్కోపు కింద చూడాలి. కండెల్లాంటి, ముళ్ల గదల్లాంటి సున్నపు పలుకులు కనిపిస్తాయి. వాటిని స్క్లెరైట్లు అంటారు. ఏ మొక్కకూ అలాంటివి ఉండవు. వాటి ఆకారమే జాతిని కూడా చెబుతుంది, కొమ్మల అల్లిక కాదు. నీళ్లు కలిపిన ఆమ్లం చుక్క వేస్తే బుసబుసమని కరిగిపోతాయి. స్క్లెరైట్లు దొరక్కపోతే పుల్ల ఉపరితలాన్ని 40 రెట్ల కింద చూడాలి. సన్నటి ముళ్లు వరసలుగా ఉంటే అది నల్ల పగడం. స్క్లెరైట్ మొత్తం కాలనీది కాదు, పాలిప్‌లను మోసే కండలో తయారైనది. అంటే ఎండు వస్తువులో కూడా జవాబు దొరికేది ఆ చిన్న జంతువు వదిలి వెళ్లిన ఆనవాళ్లలోనే.

ఈ పరీక్ష కోసం ఎవరూ ఒకటి కొనకండి. ఇంట్లో ఇప్పటికే ఉంటే, తెలియక కొన్నామని రాసిచ్చి అటవీ రేంజ్ కార్యాలయంలో అప్పగించడమే దారి. చుట్టాలకు ఇచ్చేస్తే వాళ్లనూ ఇరికించినట్టే.

మొక్కల మాటలు పనికొచ్చే చోటు

నా వాదనకు ఎదురు నిలిచే విషయాలు కొన్ని ఉన్నాయి, అవి బలమైనవి కూడా.

మొదటిది, ఇవి పెరిగే తీరు నిజంగా మొక్కల తీరే. ఒకే డింభకం నుంచి కోరకాలు, అంటే మొగ్గలు, వేస్తూ వందలూ వేలూ జూయిడ్లు వస్తాయి. కొంత భాగం చచ్చినా మిగతాది బతుకుతుంది. తెగిన ముక్క వేరే చోట నాటుకుంటుంది. ఇలాంటి జీవుల లెక్క పెట్టడానికి వృక్ష జీవావరణ శాస్త్రవేత్తలే రెండు మాటలు ఇచ్చారు. ఒకే విత్తనం నుంచి వచ్చిన మొత్తం జెనెట్, అందులో విడిగా బతకగల ఒక్కో భాగం రామెట్. పగడాల మీద, బ్రయోజోవాల మీద పనిచేసేవాళ్లు ఈ మాటల్ని అలాగే తీసుకున్నారు, వాటితో లెక్కలు స్పష్టమయ్యాయి. ఎన్ని "జంతువులు" ఉన్నాయని అడిగితే బ్రయోజోవాలో జవాబు చెప్పడం మరీ కష్టం. ఒక్కో పెట్టెలోని పేగూ స్పర్శకాలూ కొంతకాలానికి కరిగి గోధుమరంగు ముద్దగా మారి, అదే పెట్టెలో కొత్తవి పుడతాయి. జూయిడ్ చచ్చిందా, బతికిందా? ఒక్క జంతువును ముందు రాయాలని నేనంటున్నాను గాని, ఒక్క జంతువు అంటే ఏమిటన్నదే ఇక్కడ తేలిగ్గా తేలే విషయం కాదు. దీనికి నా దగ్గర పూర్తి సమాధానం లేదు. తినే యూనిట్‌ను చూడండి అని మాత్రం చెప్పగలను, అది ఎప్పుడూ కంటికి కనపడేదే.

రెండోది, ఆకారం వృథా సమాచారం కాదు. సీ ఫ్యాన్ సాధారణంగా ప్రవాహానికి అడ్డంగా పరుచుకుంటుంది. విసనకర్ర ఏ దిక్కుకు ఉందో చూస్తే అక్కడి నీటి పోకడ తెలుస్తుంది. ఒకే జాతి పగడం అలలు బాదే చోట పొట్టిగా గట్టిగా, నిమ్మళమైన చోట సన్నటి కొమ్మలతో పెరగవచ్చు. కాబట్టి ఆకారం ఎక్కడ పెరిగిందో చక్కగా చెబుతుంది. ఏ జాతో చెప్పమంటే మాత్రం నమ్మడానికి లేదు. ఈకలాగా, పొదలాగా, పెచ్చులాగా అనే మాటలు లేబుల్ మీద తప్పక ఉండాలి. వాటికి ఒక గడి కేటాయించాలి.

మూడోది నాకు అన్నిటికంటే నచ్చే చిక్కు. పదార్థం చూసి తేల్చుదామన్నా కుదరదు. పడవల అడుగున మెత్తటి రంగురంగుల తోలులా పట్టే బొట్రిల్లస్ లాంటి కాలనీ అసిడియన్ల, అంటే సంచి లాంటి సముద్ర జంతువుల, పై తొడుగులో సెల్యులోజ్ ఉంటుంది. సెల్యులోజ్ మొక్కల సొత్తు అని బడిలో నేర్పాం. ఆ జన్యువు వాటి పూర్వీకులకు బ్యాక్టీరియా నుంచి వచ్చింది. ఆ అసిడియన్ల డింభకానికి తోకలో వెన్నుకు ఆసరాగా కడ్డీ లాంటి పృష్ఠవంశం ఉంటుంది, అంటే ఈ జాబితా మొత్తంలో మనకు అతి దగ్గరి చుట్టం అదే. మరోపక్క గట్టిగా రాయిలా, గులాబీ రంగులో పగడంలా ఉండే కోరల్లైన్ నాచు నిజమైన ఆల్గా. 1755లో జాన్ ఎల్లిస్ పాలిప్‌లను అంత శ్రద్ధగా గీసి కూడా దీన్ని జంతువుల్లోనే వేశాడు. పాలిప్ దొరక్కపోయినా సున్నపు ఆకారం చూసి నమ్మాడు. తాను పెట్టుకున్న మంచి నియమాన్ని ఆ ఒక్క చోట వదిలేశాడు.

పగడాల కణజాలంలో బతికే ఆల్గే వాటికి తిండిలో పెద్ద వాటా ఇస్తాయి కదా, సగం మొక్క అనొచ్చు కదా అని అడిగేవాళ్లూ ఉంటారు. అది అద్దెకున్నవాళ్ల సంపాదన. పాలిప్‌కు నోరుంది, దంశకణాలున్నాయి, రాత్రిపూట వేటాడుతుంది.

పడవ అడుగు చెప్పే లెక్క

పేరు తప్పయితే పని కూడా తప్పవుతుందని చెప్పడానికి రేవు మంచి చోటు. పడవకు పట్టినదంతా పాచి అనుకుంటే, పాచికి ఎండ కావాలి కాబట్టి నీడలో ఉంచితే తగ్గుతుందన్న ఆలోచన సహజంగా వస్తుంది. జరిగేది తలకిందులు. నీటిమట్టం దగ్గర ఎండ తగిలే అంచున పట్టేది నిజమైన ఆకుపచ్చ నాచు. అడుగున, చుక్కాని వెనక, నీడలో గుబురుగా వేలాడేవి ఎక్కువగా హైడ్రాయిడ్లు, బ్రయోజోవాలు, అసిడియన్లు. చాలా బ్రయోజోవా డింభకాలు మొదట వెలుతురు వైపు ఈదినా, అతుక్కునే వేళకు నీడ వెతుక్కుంటాయి. నీడ పెంచితే వాటికి చోటు పెంచినట్టే.

గోకడంలోనూ అంతే. పైకి కనిపించే కుచ్చు తీసేసి అడుగు తీగ వదిలేస్తే హైడ్రాయిడ్ కొద్ది రోజుల్లోనే మళ్లీ లేస్తుంది. కర్ర మీద అంటిన సన్నటి గీతల దాకా గీకి, ఒడ్డున పూర్తిగా ఆరనివ్వాలి. రాగి కలిసిన రంగు వేశాం కదా అని నిశ్చింతగా ఉండటానికీ లేదు. బ్యుగ్యులా నెరిటినా రాగిని బాగానే తట్టుకుంటుంది, పోటీ తగ్గడం వల్ల దానికే లాభం. ఇదే బ్యుగ్యులాలో బతికే బ్యాక్టీరియా తయారుచేసే బ్రయోస్టాటిన్ అనే పదార్థం మీద క్యాన్సర్, మెదడు జబ్బుల పరిశోధన దశాబ్దాలుగా సాగుతోంది. "పాచి" అని గీకి పారేసేదాని గురించి ఈ సంగతి రేవులో ఎవరికైనా చెప్పదగ్గదే.

ఈకలాంటి హైడ్రాయిడ్లను వట్టి చేత్తో పీకితే మణికట్టు దాకా మంట పుడుతుంది. రుద్దకూడదు, మంచినీటితో కడగకూడదు. మంచినీరు తగిలితే పేలకుండా మిగిలిన దంశకణాలు కూడా పేలతాయి. సముద్రపు నీటితోనే కడిగి, అంటుకున్న పోగుల్ని పట్టకారుతో తీయాలి.

కాలువల్లో వెతకడానికి

సముద్రం దాకా వెళ్లలేని కాలేజీలకు ఒక మాట. బ్రయోజోవాల్లో మంచినీటి కుటుంబాలు కొన్ని ఉన్నాయి. ప్లూమటెల్లా వాటిలో సర్వసాధారణం. చెరువుల్లో, నెమ్మదిగా పారే కాలువల్లో మునిగిన కర్ర, తామరాకు అడుగు, రాయి కింది వైపు గోధుమరంగు సన్నటి గొట్టాలుగా, చెట్టు వేళ్లలా పాకి ఉంటుంది. నీటి పైపుల్లో పడితే పూడ్చేస్తుంది కూడా.

వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు కాలనీ చచ్చిపోతుంది. గొట్టాల్లో మాత్రం స్టాటోబ్లాస్ట్‌లు మిగులుతాయి. అర మిల్లీమీటరు లోపు గుండ్రటి, కోలగా ఉన్న గోధుమరంగు బిళ్లలు, చుట్టూ గాలి అరల అంచు ఉండటంతో నీటి మీద తేలతాయి. ఆవాలు, గసగసాలు చూసిన కంటికి ఇవి కచ్చితంగా గింజల్లాగే అనిపిస్తాయి. ఎండినా చావవు, అందుకే పైపును ఎండబెడితే సమస్య పోయిందనుకోవడం తప్పు. మే నెలలో ఎండిన రాయి కింది వైపు పెచ్చును కత్తితో గీకి కాగితం పొట్లంలో తెచ్చి, వడపోసిన చెరువు నీళ్లున్న గాజు గిన్నెలో వేసి గది వేడిమిలో వదిలితే కొన్ని రోజుల్లో కొన్ని బిళ్లలు రెండుగా విచ్చుకుంటాయి. కుళాయి నీరు వాడకండి, క్లోరిన్ చంపేస్తుంది. తెరుచుకున్నాక చెరువు నీటిలోని సూక్ష్మజీవులే తిండి, రోజు విడిచి రోజు సగం నీరు మార్చాలి. 20 రెట్ల లెన్స్‌లో స్పర్శకాలు గుర్రపునాడా ఆకారంలో వంగి కనిపిస్తే అది ప్లూమటెల్లా ఉండే ఫైలాక్టోలీమేటా తరగతి. వలయంలా ఉంటే అది ప్లూమటెల్లా కాదు, అదే తరగతిలోని ఫ్రెడెరిసెల్లా కావచ్చు, వేరే తరగతిదైనా కావచ్చు. రికార్డులో మొదటి గీత అక్కడి నుంచి గీయాలి.